రిజిస్టరులో నేను పుట్టించిన మస్తాన్‌బీ

మా నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. మా ఇంట్లో దయ్యం అనే మాటని తిట్టుగా తప్ప ఇంకోలా వాడేవాళ్ళం కాదు. ఉద్యోగంలో చేరాక తొమ్మిది అద్దె ఇళ్ళు మారాను. అందులో రెండిళ్ళని ఊళ్ళోవాళ్ళు మంచివి కావన్నారు. అద్దె తక్కువని నేను వాటిలోనే ఎక్కువ కాలం ఉన్నాను. ఒక్క గజ్జె చప్పుడు కూడా వినపడలేదు. వాటిలో నన్ను పీడించింది ఎలుకలు, ఇంటి ఓనర్లు మాత్రమే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి మీరు నమ్మకపోయినా నాకు కోపం రాదు. ఇంకొకరు చెబితే నేనూ నమ్మేదాన్ని కాదు. పైగా ఎదురు ప్రశ్నలు వేసి వాళ్ళని ఏడిపించేదాన్ని.

సత్తెనపల్లి నుంచి బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక ఊరి శాఖా గ్రంథాలయంలో నేను లైబ్రేరియన్ని. ఊరి పేరు రాయను. ఎందుకు రాయలేదో ఇంకాస్త చదివితే మీకే తెలుస్తుంది.

నేను చేరేనాటికి ఆ లైబ్రరీ ఎలా ఉండేదో చెప్పాలి. మోకాలెత్తు మెట్లు ఐదు. లోపల రెండు గదులు, ఆరు బీరువాలు, గోడ మీద 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు. పొద్దున్నే ఎనిమిదిమంది పెద్దమనుషులు వచ్చి, ఒక్కో పేపరుని నాలుగు ముక్కలు చేసుకుని చదివేవాళ్ళు. పదిన్నరకల్లా వెళ్ళిపోయేవాళ్ళు. ఆ తర్వాత నేనూ, ఫ్యానూ మిగిలేవాళ్ళం.

లైబ్రరీ వెనకే మిర్చి కోల్డ్ స్టోరేజీ. సీజనులో అక్కడ నూటికి పైగా ఆడవాళ్ళు మిరపకాయల కుప్పల ముందు కూర్చుని తొడిమలు తీస్తుంటారు. గాలి ఇటు తిరిగిందంటే మా పేపరు పెద్దమనుషులంతా ఒకేసారి తుమ్మేవాళ్ళు. నిశ్శబ్దం బోర్డుకి అదొక్కటే మినహాయింపు.

ఆ ఆడవాళ్ళలో ఒక్కరు కూడా మా మెట్లెక్కిన పాపాన పోలేదు. తప్పు వాళ్ళది కాదు. మెట్ల మీద మగవాళ్ళు చేరి సిగరెట్లు కాల్చేవాళ్ళు. లోపల ఆడవాళ్ళకి బాత్రూమ్ లేదు. ఉద్యోగం చేసే నేనే పక్కింటికి వెళ్ళి వచ్చేదాన్ని. ఇంక చదువు రాని మనిషి ఎందుకొస్తుంది?

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

లైబ్రరీకి వచ్చిన ప్రతి పాఠకుడూ రిజిస్టరులో పేరు రాసి సంతకం పెట్టాలి. నెలాఖరున ఆ లెక్క జిల్లా ఆఫీసుకి పంపాలి. పాఠకులు తక్కువగా ఉన్న శాఖల్ని పెద్ద ఊరి లైబ్రరీలో కలిపేస్తామని ఆ రోజుల్లో ఒక సర్క్యులరు వచ్చింది. మా భవనాన్ని ఖాళీ చేస్తే గోడౌనుగా తీసుకుంటామని అడిగినవాళ్ళు అప్పటికే ఉన్నారు. నాకు భయం పట్టుకుంది. మధ్యాహ్నాలు ఒంటరిగా కూర్చుని రిజిస్టరులో పేర్లు పుట్టించడం మొదలుపెట్టాను.

మొదట ఊళ్ళో ఉన్నవాళ్ళ పేర్లే రాశాను. తర్వాత లేనివాళ్ళని రాశాను. అబద్ధం కూడా మిరపకాయ బజ్జీ లాంటిదే, మొదటిది నోరు మండిస్తుంది, నాలుగోది ఎప్పుడు తిన్నామో కూడా తెలియదు.

'మహిళా పాఠకులు' అనే గడి మాత్రం ప్రతి నెలా ఖాళీగా వెక్కిరించేది. అందుకని ఒక ఆడమనిషిని పుట్టించాను. నూర్‌బాషా మస్తాన్‌బీ, నలభై ఐదేళ్ళు, భర్త లేడు, పని మిర్చి తొడిమలు తీయడం, చిరునామా కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్లు. ఆ పేరే ఎందుకంటే చెప్పలేను. మా వైపు రాయి విసిరితే ఎవరో ఒక మస్తాన్‌బీకి తగులుతుంది. వాళ్ళ నూర్‌బాషా కుటుంబాలు తరతరాలుగా దూదేకి పరుపులు కుట్టేవాళ్ళు. పత్తి పండే ఊళ్ళలో వాళ్ళు లేని వీధి ఉండదు. సంతకం మాత్రం ఎడమ చేత్తో వంకరటింకరగా పెట్టాను, కొత్తగా అక్షరాలు నేర్చుకున్న మనిషి పెట్టినట్టు.

ఆమె పేరు మీద పుస్తకాలు కూడా ఇచ్చాను. ఇచ్చినట్టు రాసిన పుస్తకం బీరువాలో కనబడితే తనిఖీలో దొరికిపోతాను కాబట్టి దాన్ని నా సంచిలో పెట్టుకుని తిరిగేదాన్ని. ఊరికే మోయడమెందుకని బస్సులో చదివేదాన్ని. పొద్దున వచ్చేటప్పుడు ముప్పావుగంట, సాయంత్రం వెళ్ళేటప్పుడు ముప్పావుగంట. నేను పైకి చదవను. పెదవి కూడా కదపను. ఇరవై ఏళ్ళు ఆ బోర్డు కింద కూర్చున్నదాన్ని.

కొన్నాళ్ళకి చిత్రమైన అలవాటొకటి పట్టుకుంది. పుస్తకం తీసేటప్పుడు 'ఇది మస్తాన్‌బీకి నచ్చుతుందా' అని ఆలోచించేదాన్ని. బిడ్డలు చనిపోయే కథలు ఆమెకి వద్దనుకున్నాను. నీళ్ళున్న కథలైతే ఇష్టపడుతుందనిపించింది. రోజంతా మిరపఘాటులో కూర్చునే మనిషి కదా. బావులు తవ్వే ముసలాయన గురించి ఒకటి, నక్షత్రాల గురించి ఒకటి, అలా ఆమె కోసం చదువుతూ పోయాను. లేని మనిషి మీద అభిమానం పెంచుకోవడం పిచ్చితనమే. కానీ పెంచుకున్నాను.

చివరిగా తీసింది అట్ట ఊడిపోయిన ఒక పాత నవల. కృష్ణ ఒడ్డున పడవ నడిపేవాడి కూతురి కథ. వరదలో ఆ పిల్ల ఒంటరిగా పడవ విప్పుకుని వెళుతుంది. అక్కడ నాలుగు పేజీలు చిరిగిపోయి ఉన్నాయి. తర్వాతి పేజీలో పిల్ల అవతలి ఒడ్డున ఉంటుంది, పడవలో ఒక మేక ఉంటుంది. ఆ మేక ఎక్కడిదో తెలియదు. బస్సులో కూర్చుని నేనే ఊహించుకున్నాను. వరదలో కొట్టుకొస్తున్న గడ్డివామి మీద మేక నిలబడి ఉంది. పిల్ల ఎంత పిలిచినా పడవలోకి రాదు. చివరికి పిల్ల దాని చెవి కొరికింది. దెబ్బకి మేక పడవలోకి దూకింది. నాకు నేనే నవ్వుకున్నాను. పక్క సీటావిడ నన్ను వింతగా చూసింది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముంది?

ఆ నవల నేను పూర్తి చేయలేదు. తండ్రిని వెతుక్కుంటూ ఆ పిల్ల సముద్రం దాకా వెళుతుంది. మొదటిసారి సముద్రం చూస్తూ నిలబడి ఉంటే, వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. సరిగ్గా అక్కడ నేను దిగాల్సిన స్టాపు వచ్చింది. టికెట్టు పేజీలో పెట్టి మూశాను.

ఆ రోజే జిల్లా ఆఫీసులో కొత్త అధికారిణి చేరారు. ఆ రోజు నుంచి నాకు పుస్తకం ముట్టుకునే తీరిక దొరకలేదు.

కొత్త ఆఫీసర్ గారిది చిన్న వయసు. మాట కరుకు, నడక వేగం. వచ్చిన మొదటి వారమే మా లైబ్రరీకొచ్చి మెట్లు ఎక్కకుండా కిందే నిలబడి అడిగారు. "కర్రతో నడిచేవాళ్ళు ఇక్కడికెలా వస్తారండీ?"

"రారండీ" అన్నాను.

"అయితే ఇది అందరి లైబ్రరీ ఎలా అవుతుంది?"

పని మొదలైంది. మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కేలా వాలుగా దారి కట్టారు. గుమ్మం వెడల్పు చేశారు. ఆడవాళ్ళకి బాత్రూమ్ వచ్చింది. వెనక గదిలో కింద కూర్చోవడానికి చాపలు, పిల్లల్ని పడుకోబెట్టుకునే మూల, చూపు లేనివాళ్ళు వినడానికి ఒక యంత్రం, మధ్యాహ్నాలు ఆడవాళ్ళకి చదివి వినిపించే వేళ. ఇవన్నీ ఆవిడ ఆలోచనలే. నేను సిమెంటు బస్తాల మధ్య పరుగులు పెట్టడంతోనే మూడు నెలలు గడిచాయి.

పేపరు పెద్దమనుషులకి ఇది నచ్చలేదు. వాళ్ళలో ముఖ్యుడు రిటైర్డు హెడ్మాస్టరు కోటేశ్వరరావు గారు. "చదువుకునేచోట చాపలేందమ్మా? రేపు ఉయ్యాలలు కూడా కడతారా?" అని రోజూ దెప్పేవారు. ఆయనతో నాకు ఇంకో బాధ ఉంది. ఎప్పుడైనా రిజిస్టరు తిరగేసి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "ఈ మస్తాన్‌బీ ఎవరో గానీ అమ్మా, మహా చదువరి. నాకు మాత్రం ఒక్కసారి కూడా కనపడదే!" అనేవారు.

ప్రారంభోత్సవానికి మూడు రోజుల ముందు ఆఫీసర్ గారు ఫోన్ చేశారు. "మీ రిజిస్టర్లు చూశానండి. మస్తాన్‌బీ గారని ఒకావిడ, తొడిమలు తీసే ఆవిడ, జిల్లాలో ఏ మహిళా తీసుకోనన్ని పుస్తకాలు తీసుకున్నారు. ఆవిడ చేతే రిబ్బన్ కట్ చేయిద్దాం. శాలువా కప్పుదాం. ఆటోకి మైకు కట్టి ఊరంతా చెప్పించమన్నాను."

కిటికీలోంచి ఆటో వెళ్ళడం వినిపిస్తూనే ఉంది. "నూర్‌బాషా మస్తాన్‌బీ గారి చేతుల మీదుగా..." నేను ఎడమ చేత్తో పుట్టించిన పేరు మైకులో ఊరంతా తిరుగుతోంది.

ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదనను. కానీ అంతకంటే ఎక్కువగా నన్ను కోసింది ఇంకొకటి. శాఖని కలిపేసే ఫైలు ఇంకా మూసుకోలేదు. రిజిస్టరు దొంగదని తేలితే ఇన్నాళ్ళ లెక్కలన్నీ సున్నా అవుతాయి. ఆ చాపలు పరిచిన గది గోడౌను అయిపోతుంది. ఆ వీధిలో తొడిమలు తీసే ఆడది తలుపు వేసుకుని బాత్రూమ్‌కి వెళ్ళగల చోటు ఆ ఒక్క భవనమే. ఒక్కరు కూడా అడుగు పెట్టకముందే దాన్ని నేనే పోగొట్టబోతున్నాను.

ఎవరినైనా బతిమాలి మస్తాన్‌బీగా నిలబెడదామా అని కూడా ఆలోచించాను. ఒక అబద్ధానికి చీర కట్టి జనం మధ్య నిలబెట్టడానికి మనసొప్పలేదు. షెడ్ల వైపు వెళ్ళడానికే ముఖం చెల్లలేదు. కార్యక్రమానికి ముందే ఆఫీసర్ గారికి నిజం చెప్పేయాలని నిర్ణయించుకున్నాను.

ఆ రోజు ఆవిడ పదకొండింటికి వచ్చారు. ఎండ మండిపోతోంది. బీరువాల పక్కకి పిలిచి, "మేడం, రిబ్బను కట్ చేసేముందు మీతో ఒక మాట చెప్పాలి" అన్నాను.

గుమ్మం దగ్గర నుంచి కోటేశ్వరరావు గారి గొంతు వినిపించింది. "అమ్మా! మీ మస్తాన్‌బీ వచ్చింది."

వెటకారమనుకున్నాను. తిరిగి చూస్తే ఆయన ముఖంలో నవ్వు లేదు.

కొత్తగా కట్టిన వాలుదారి మీద ఒకావిడ నడిచి వస్తోంది. సన్నటి మనిషి. ముక్కుకి కట్టుకునే గుడ్డ మెడలోకి దించుకుంది. చేతులు ఒంటికి తగలకుండా కొంచెం ఎడంగా పెట్టి నడుస్తోంది. తొడిమలు తీసేవాళ్ళంతా అలాగే నడుస్తారు, చేతుల మంట అలాంటిది. వెనక పదిమంది ఆడకూలీలు ఉన్నారు.

"నన్నేనంటగా పిలిచారు? మస్తాన్‌బీ నేనేనమ్మా" అంది.

ఇందులో వింతేమీ లేదు. మైకులో పేరు వినిపించింది, ఆ పేరున్న మనిషి వచ్చింది. అంతవరకు మా నాన్న కూడా ఒప్పుకుంటారు.

రిబ్బను కట్ అయింది. చప్పట్లు అయ్యాయి. రిజిస్టరులో సంతకం పెట్టమని ఆఫీసర్ గారు అంటే ఆమె వేలిముద్ర వేసింది. భర్త ఉన్నాడని, ఇప్పటికీ పరుపులు కుడతాడని, తన వయసు యాభై దాటి ఉంటుందని చెప్పింది. నేను రాసిన వివరాలకి ఇవి పొసగవు. ఇవి కూడా రాయాలి. లేకపోతే నాకు కావలసినవే ఏరుకుని రాశానంటారు.

ఆఫీసర్ గారు వేలిముద్రని చూశారు, పాత సంతకాల్ని చూశారు, నన్ను చూశారు. తర్వాత ఆమెనే అడిగారు. "ఏమేం పుస్తకాలు చదివారమ్మా?"

"నాకు చదువు రాదమ్మా" అంది మస్తాన్‌బీ.

ఇంక చెప్పేయడమే అనుకుని నేను నోరు తెరిచాను. అంతలో ఆమే అందుకుంది. "చదువు రాదు గానీ, కతలు తెలుసు."

చాప మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. బావి తవ్వే ముసలాయన మట్టి వాసన చూసి నీళ్ళు ఎన్ని గజాల లోతున ఉన్నాయో చెప్పడం, సొంత దొడ్లో తవ్విన బావిలో మాత్రం నీళ్ళు పడకపోవడం చెప్పింది. మనం చూసే చుక్క ఎప్పుడో ఆరిపోయి ఉండొచ్చని, దాని వెలుగు ఇంకా దారిలోనే ఉంటుందని చెప్పింది. నేను బీరువా పిడి పట్టుకుని నిలబడ్డాను. అవి నేను ఆమె పేరు మీద తీసుకున్న పుస్తకాలు. తీసుకున్న వరసలోనే చెబుతోంది.

అయినా లోపల నాన్న గొంతు ఒకటి వాదిస్తూనే ఉంది. ఎవరో చదివి వినిపించి ఉండొచ్చు. అవి ప్రపంచంలో ఒక్కటే ఉన్న పుస్తకాలేం కావు.

తర్వాత ఆమె పడవ పిల్ల కథ ఎత్తుకుంది. పిల్ల పడవ విప్పింది. వరద. గడ్డివామి కొట్టుకొచ్చింది. దాని మీద మేక.

"ఎంత పిలిచినా రాదే ఆ మేక! ఆ పిల్ల ఏం చేసిందనుకున్నావ్? పోయి దాని చెవి కొరికింది. ఒక్క దూకు దూకింది సూడు పడవలోకి!"

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. ఆఫీసర్ గారూ నవ్వారు. ఆ చెవి కొరకడం ఏ పుస్తకంలోనూ లేదు. అది నా తలలో తప్ప ఈ లోకంలో ఎక్కడా లేదు.

ఏదో మాట్లాడాలని, "మస్తాన్‌బీ, మంచినీళ్ళు తాగుతారా?" అన్నాను. అప్పటిదాకా నేను ఆమె ఎదుట నోరు విప్పలేదు.

ఆమె చటుక్కున తలెత్తింది. లేచొచ్చి, మంట చేతుల్ని వెనక్కి పెట్టుకుని, మెల్లిగా అంది. "నువ్వేనా అమ్మా! ఈ గొంతే."

మిగతావాళ్ళు ముందు గదిలో బజ్జీలు తింటుండగా ఆమె, నేను వెనక గదిలో కూర్చున్నాం. రెండేళ్ళుగా తనకి కథలు వస్తున్నాయని చెప్పింది. పొద్దున కుప్ప ముందు కూర్చునే వేళకి కొంచెం, సాయంత్రం పని దిగే వేళకి కొంచెం వస్తాయట. ఆ రెండూ నేను బస్సులో ఉండే సమయాలు. పక్కనెవరో ఆడమనిషి కూర్చుని చెబుతున్నట్టు ఉంటుందట. విన్నది తోటివాళ్ళకి చెప్పేదట. చేతులు పని చేస్తుంటే నోరు ఖాళీగా ఉండటమెందుకని.

"నీకు భయం వేయలేదా?" అని అడిగాను. గారు, మీరు అన్నీ మర్చిపోయాను.

"దేనికి భయం? తిట్టే గొంతులు రోజూ వింటానే ఉంటాం. కత చెప్పే గొంతొస్తే భయపడతామా?"

అంతలో ఆమె గొంతు మారింది. "మూడు నెల్లయింది తల్లీ, రావట్లా. నీకేమన్నా అయిందేమోనని బెంగపెట్టుకున్నా. దర్గాకి పోయి కొబ్బరికాయ కూడా కొట్టొచ్చా."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. రక్తసంబంధం లేని మనిషి, నేనున్నానో లేదో కూడా తెలియని మనిషి నా కోసం కొబ్బరికాయ కొట్టింది. నేను ఆమెని లెక్క కోసం పుట్టించాను, ఆమె నా క్షేమం కోసం మొక్కుకుంది.

అప్పుడామె అసలు మాట అడిగింది. "ఆ పిల్ల సముద్రం కాడ నిలబడుంది గందా. ఎనకనుంచి ఎవురో పిలిచారు. అంతే, ఆగిపోయింది. పుస్తకాలుండే చోటు గందా, ఎవురికన్నా తెలుస్తదేమోనని అది అడుగుదామనే వచ్చా. శాలువా నాకెందుకు? ఎవరమ్మా పిలిచింది?"

"నాకూ తెలియదు మస్తాన్‌బీ. నేనూ అక్కడే ఆపేశాను."

సంచిలో అడుగున ఆ నవల ఇంకా ఉంది. బస్సు టికెట్టు కూడా పేజీలో అలాగే ఉంది. ఆమె ముందు కూర్చుని, జీవితంలో మొదటిసారి ఆ భవనంలో గొంతెత్తి చదివాను. రెండు వాక్యాలయ్యేసరికి ఆడవాళ్ళంతా బజ్జీల ప్లేట్లతో వచ్చి చుట్టూ కూర్చున్నారు. కోటేశ్వరరావు గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు, తర్వాత చెప్పులు విప్పి ఆ చాప మీదే చివరన కూర్చున్నారు.

సముద్రం దగ్గర పిలిచింది ఆ పిల్లని కాదు. అదే పేరున్న ఇంకో పిల్లని, వాళ్ళమ్మ పిలిచింది. మన పిల్ల పొరపాటున వెనక్కి తిరిగింది. తిరిగినందువల్లే పడవల నీడలో కూర్చున్న తండ్రిని చూసింది.

చదివి తలెత్తాను. మస్తాన్‌బీ తృప్తిగా ఊపిరి వదిలింది. "పేరు నాదైతే పిలుపు నాది కాదా ఏంది?" అంది.

ఆ తర్వాత నేను చేయగలిగిన విచారణలన్నీ చేశాను. నాన్న కూతుర్ని కదా. గుంటూరులో ఒక పాత పుస్తకాల షాపులో ఆ నవల చిరగని ప్రతి దొరికింది. ఆ నాలుగు పేజీల్లో మేకని పిల్లకి వాళ్ళ మేనత్త ఇస్తుంది. గడ్డివామి లేదు, చెవి కొరకడం లేదు. మస్తాన్‌బీ అసలు పుస్తకాన్ని ఎక్కడో విని ఉంటే మేనత్త గురించి చెప్పాలి.

ఆమెతో పనిచేసే ముగ్గుర్ని విడివిడిగా అడిగాను. మేక చెవి కథ కుప్ప దగ్గర తమకి నెలల క్రితమే చెప్పిందని ముగ్గురూ అన్నారు. ఒకావిడైతే, "నా మనవరాలికి అది చెప్పందే నిద్ర రాదు" అంది. పోనీ బస్సులో నిద్రమత్తులో ఆ మేక సంగతి నేనే పైకి అన్నానా అంటే, నా బస్సుకీ ఆమె కుప్పకీ మధ్య మైళ్ళ దూరం.

ఇంకొకటి కూడా చేశాను. ఒక ఆదివారం కొత్త పుస్తకం ఒకటి మనసులోనే చదివి, సోమవారం ఆమెని అడిగాను. ఏమీ రాలేదంది. మళ్ళీ రెండుసార్లు ప్రయత్నించాను. రాలేదు. నేను గొంతెత్తి చదవడం మొదలైన రోజు నుంచి ఆ రావడం ఆగిపోయింది. "ఇప్పుడు ఎదురుగానే కూకుని చెప్తన్నావుగా, ఇంకెందుకొస్తయ్?" అంటుంది ఆమె, అదేదో తెలిసిన విషయమే అన్నట్టు.

రిజిస్టరు సంగతి వారం రోజులు దాచాను. ఆ వారమంతా తిన్నది ఒంటబట్టలేదు. మధ్యాహ్నాలు వెనక గది నిండా ఆడవాళ్ళు వస్తున్నారు. ఇప్పుడు చెబితే ఇదంతా పోతుంది, చెప్పకపోతే ఇదంతా నా దొంగ పేర్ల మీదే నిలబడి ఉంటుంది. వేలిముద్రలు వేస్తున్న ఆ చేతుల్ని చూశాక దాచడం నా వల్ల కాలేదు. ఆఫీసర్ గారి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేశాను.

ఆవిడకి కోపం వచ్చింది. రావాలి కూడా. "ఆ వేలిముద్ర చూసినప్పుడే నాకు అనుమానమొచ్చిందండి. మీరే వచ్చి చెబుతారని ఆగాను" అన్నారు. తర్వాత చెప్పకుండా ఒక మధ్యాహ్నం మా లైబ్రరీకొచ్చి, మూల చాప మీద కూర్చుని సాయంత్రం దాకా చూశారు. ఎవరొచ్చారో, ఎవరు వేలిముద్ర వేశారో, ఎవరు బాత్రూమ్‌కి వచ్చి కథ దగ్గర ఆగిపోయారో అన్నీ చూశారు. శాఖని కలిపేసే ఫైలు వెనక్కి వెళ్ళింది. నా మీద మాత్రం మెమో వచ్చింది. ఇంక్రిమెంటు ఆగింది. రెండూ న్యాయమే.

మెమోలో ఒక ప్రశ్న ఉంది. మీరు రిజిస్టరులో రాసిన కల్పిత పాఠకుల పేర్లు వరసగా రాసి, ఒక్కో పేరుకి సంజాయిషీ ఇవ్వవలసింది.

రాశాను. పదహారు పేర్లకి 'ఈ వ్యక్తి లేరు, లెక్క కోసం నేనే రాశాను' అని రాయడానికి అరగంట పట్టలేదు. పదిహేడో పేరు దగ్గర పెన్ను ఆగింది. లేరు అని రాద్దామంటే ఆమె పక్క గదిలో కూర్చుని, ఈ రోజు కథ ఎప్పుడు మొదలుపెడతానా అని ఎదురుచూస్తోంది. ఉన్నారు అని రాద్దామంటే, ఆమెని నేను ఎడమ చేత్తో ఈ కాగితాల మీదే పుట్టించాను. ఏది రాసినా అబద్ధమే అవుతుంది. నేను ఇంక అబద్ధం రాయదలచుకోలేదు.

చివరికి ఆ పేరుకి ఎదురుగా, "ఈ పాఠకురాలి విషయంలో నా దగ్గర సంజాయిషీ లేదు" అని రాసి సంతకం పెట్టాను.

ఇప్పటికీ లేదు.